శ్లాబు దాటితే చేతికొచ్చే జీతం తగ్గుతుందా? ఎక్సెల్ షీటులో ఆదాయపు పన్ను: తరచూ అడిగే ప్రశ్నలు

జనవరి వచ్చిందంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉద్యోగుల వాట్సాప్ గ్రూపుల్లో ‘ఐటీ సాఫ్ట్‌వేర్’ పేరుతో ఎక్సెల్ షీట్లు తిరగడం మొదలవుతుంది. బేసిక్, డీఏ, హెచ్‌ఆర్‌ఏ నింపితే చాలు, కట్టాల్సిన పన్ను కింద వచ్చేస్తుంది. ఆ అంకె ఎలా వచ్చిందని అడిగితే మాత్రం షీటు పంపినవారు కూడా చెప్పలేరు. ఫార్ములాలో తప్పు ఎవరిదైనా, కోత పడేది మన జీతంలోనే. ఆ లెక్క మనమే వేసుకోవడం నిజానికి కష్టం కాదు. ఐదు గడులు చాలు.

ఇక్కడ చెప్పే రేట్లు 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి వర్తిస్తాయి. ఫార్ములాల పేర్లూ గడుల పేర్లూ చదవడానికి వీలుగా తెలుగులో రాశాను. షీటులో టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

ప్రశ్న: నా ఆదాయం 13 లక్షలు. నేను 15 శాతం శ్లాబులో ఉన్నాను. అంటే 13 లక్షల మీద 15 శాతం కట్టాలా?

అక్కర్లేదు. శ్లాబు రేటు ఆ శ్లాబులో పడిన ముక్కకే వర్తిస్తుంది. కొత్త విధానంలో మొదటి 4 లక్షలకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల దాకా ఉన్న భాగానికి 5 శాతం, 8 నుంచి 12 దాకా 10, 12 నుంచి 16 దాకా 15, 16 నుంచి 20 దాకా 20, 20 నుంచి 24 దాకా 25, 24 లక్షల పైన ఎంతున్నా 30 శాతం. మీ 13 లక్షల్లో 15 శాతం పడేది చివరి లక్ష మీదే. రెండో ముక్కకు 20,000, మూడో ముక్కకు 40,000, చివరి లక్షకు 15,000, మొత్తం 75,000 రూపాయలు. మొత్తాన్ని 15 శాతంతో గుణిస్తే 1,95,000 వస్తుంది. వాట్సాప్ షీట్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. తేడా రెండున్నర రెట్లకు పైమాటే కాబట్టి ఇట్టే దొరికిపోతుంది కూడా.

ప్రశ్న: అయితే ఇంక్రిమెంటు వచ్చి శ్లాబు మారితే నష్టం లేనట్టేనా?

శ్లాబు మారినందువల్ల ఎవరికీ నష్టం రాదు. 16 లక్షల గీత దాటి పది రూపాయలు ఎక్కువ వస్తే, ఆ పది రూపాయల మీదే 20 శాతం. ‘ఇంక్రిమెంటు వద్దు సార్, పై శ్లాబులో పడిపోతాను’ అనేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఒకరిద్దరు ఉంటారు. వాళ్ల భయానికి శ్లాబులు కారణం కాదు. నిజమైన గుంతలు వేరేచోట, రిబేటు ఆగిపోయే గీత దగ్గర, సర్‌చార్జి మొదలయ్యే గీత దగ్గర ఉన్నాయి. వాటి సంగతి వరుసగా చూద్దాం.

ప్రశ్న: శ్లాబుల లెక్కకు సులువైన ఫార్ములా ఏది?

చాలామంది ‘ఇఫ్’ లోపల ‘ఇఫ్’, దాని లోపల ఇంకో ‘ఇఫ్’ పెట్టుకుంటూ పోతారు. ఏడు శ్లాబులకు అలా రాస్తే చివర్లో ఎన్ని బ్రాకెట్లు మూయాలో రాసినవాళ్లకే గుర్తుండదు. పోలికల వరుస తలకిందులైతే షీటు తప్పును పట్టుకోదు, తప్పు అంకెను నిబ్బరంగా చూపిస్తుంది.

కొత్త విధానంలో ఒక వెసులుబాటు ఉంది. ప్రతి 4 లక్షల గీత దగ్గరా రేటు సరిగ్గా 5 శాతం పెరుగుతుంది. కాబట్టి ఒక్కో గీతకు పైన ఉన్న ఆదాయం ఎంతో చూసి, అన్నీ కూడి, ఆ మొత్తంలో 5 శాతం తీస్తే పన్ను వచ్చేస్తుంది. బి1 గడిలో పన్ను పడే ఆదాయం ఉందనుకోండి. బి2లో ఇలా రాయాలి:

=5%*(మ్యాక్స్(0,బి1-400000)+మ్యాక్స్(0,బి1-800000)+మ్యాక్స్(0,బి1-1200000)+మ్యాక్స్(0,బి1-1600000)+మ్యాక్స్(0,బి1-2000000)+మ్యాక్స్(0,బి1-2400000))

గీతకు కింద ఉన్నప్పుడు వచ్చే మైనస్ అంకెను మ్యాక్స్ సున్నా చేస్తుంది. జీతం 15 లక్షలు, స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 14,25,000. మొదటి గీతకు పైన 10,25,000, రెండో గీతకు పైన 6,25,000, మూడో గీతకు పైన 2,25,000. మొత్తం 18,75,000. అందులో 5 శాతం 93,750.

రేట్లు మారినప్పుడల్లా ఫార్ములా తిరగరాయడం ఇష్టం లేనివాళ్లు గీతలన్నిటినీ డి2 నుంచి డి7 దాకా, ఆ గీత దగ్గర రేటు ఎంత పెరుగుతుందో ఇ2 నుంచి ఇ7 దాకా రాసుకుని ఇలా పెట్టుకోవచ్చు: =సమ్‌ప్రొడక్ట్((బి1>డి2:డి7)*(బి1-డి2:డి7)*ఇ2:ఇ7). ఇ వరుసలో రాయాల్సింది రేటు కాదు, పెరుగుదల. ఇక్కడ పొరబడితే మిగతాదంతా పొరపాటే. వచ్చే బడ్జెట్‌లో శ్లాబులు మారినా ఈ పన్నెండు గడులు దిద్దితే సరిపోతుంది.

ప్రశ్న: ఫార్ములా సరిగ్గానే రాశాను. పన్ను లక్షల్లో వస్తోందేమిటి?

ఫార్ములాలో 4,00,000 అని కామాలు పెట్టి ఉంటారు, చూసుకోండి. మన లెక్కలో కామా లక్షను విడదీసే గుర్తు. ఎక్సెల్‌కు మాత్రం అది ఒక అంశం ముగిసి మరొకటి మొదలైందని చెప్పే గుర్తు. ‘మ్యాక్స్(0,బి1-4,00,000)’ అని రాస్తే అది బి1లోంచి 4 లక్షలు కాదు, 4 రూపాయలు తీసేస్తుంది. మిగిలిన సున్నాలను వేరే అంశాలుగా తీసుకుంటుంది. తప్పని కూడా చెప్పదు. ఫార్ములా లోపల అంకెలను కామాలు లేకుండానే రాయాలి. గడిలో కామాలు కనిపించాలంటే ఫార్మాట్‌లో పెట్టుకోవచ్చు.

రెండో అనుమానం: పే స్లిప్పులోంచి కాపీ చేసిన అంకె గడిలో ఎడమవైపుకు అంటుకుని ఉంటే, ఎక్సెల్ దాన్ని అంకెగా కాక అక్షరాలుగా చూస్తున్నట్టు. చెరిపేసి చేత్తో టైప్ చేయండి.

ప్రశ్న: 4 లక్షల గీత దగ్గర ‘కంటే ఎక్కువ’ అని పెట్టాలా, ‘ఎక్కువ లేదా సమానం’ అని పెట్టాలా?

శ్లాబుల్లో ఏది పెట్టినా ఒకటే. సరిగ్గా గీత మీద ఉన్నప్పుడు గీతకు పైన మిగిలేది సున్నా, దాని మీద పన్నూ సున్నా. ఈ తేడా రిబేటు, సర్‌చార్జి గీతల దగ్గర మాత్రం ప్రాణం తీస్తుంది. 12,00,000 వరకు అంటే 12,00,000తో కలిపే.

ప్రశ్న: 12 లక్షల దాకా పన్ను లేదంటున్నారు. శ్లాబుల్లో 4 లక్షల నుంచే పన్ను ఉందే?

రెండూ నిజమే. శ్లాబుల ప్రకారం 12 లక్షలకు 60,000 పన్ను పడుతుంది. సెక్షన్ 87ఏ కింద అదే 60,000 రిబేటుగా ఇచ్చి పన్నును సున్నా చేస్తారు. జీతగాళ్లకు, ఉద్యోగం చేసిన సంస్థ నుంచి పింఛను తీసుకునేవారికి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 కలిసొస్తుంది కాబట్టి 12,75,000 దాకా పన్ను లేదు.

అసలు చిక్కు ఆ పైన వస్తుంది. ఆదాయం 12,10,000 అయితే రిబేటు పోతుంది, శ్లాబుల ప్రకారం 61,500 కట్టాలి. పది వేలు ఎక్కువ సంపాదించినందుకు అరవై వేలకు పైగా పన్నా? చట్టం ఇక్కడ మార్జినల్ రిలీఫ్ ఇచ్చింది. 12 లక్షలకు పైన ఎంత ఎక్కువ వచ్చిందో అంతకు మించి పన్ను వేయకూడదు. కాబట్టి 12,10,000కు పన్ను 10,000. రిబేటునూ ఈ రిలీఫ్‌నూ కలిపి బి3లో ఒక్క చిన్న ఫార్ములాలో పట్టేయవచ్చు:

=మిన్(బి2,మ్యాక్స్(0,బి1-1200000))

12 లక్షల లోపైతే మ్యాక్స్ సున్నా ఇస్తుంది, పన్ను సున్నా. 12 లక్షలు దాటితే శ్లాబు పన్ను, ఎక్కువ వచ్చిన ఆదాయం, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది. 12,70,588 దాటాక శ్లాబు పన్నే తక్కువ అవుతుంది. రిలీఫ్ అవసరం అక్కడితో తీరిపోతుంది. ‘ఇఫ్’ అన్న మాటే లేకుండా పని జరిగింది.

ఇందులో ఒక మెలిక మిగిలే ఉంది. ఆరోగ్య, విద్యా సెస్సు 4 శాతాన్ని రిలీఫ్ ఇచ్చాక లెక్కవేస్తారు. అందువల్ల 12,10,000 ఆదాయానికి చివరకు కట్టేది 10,400. అదనంగా వచ్చిన పది వేలూ పోయి, చేతి నుంచి మరో 400 వదులుతుంది. జీతగాళ్ల భాషలో చెప్పాలంటే, వార్షిక జీతం 12,75,000 దాటినప్పటి నుంచి సుమారు 13,48,900 చేరేదాకా, 12,75,000 తీసుకునే పక్క సీటు ఉద్యోగి కంటే చేతికి తక్కువే వస్తుంది. ఆ లోటు ఎక్కడా మూడు వేలు దాటదు. ఇంక్రిమెంటు వద్దనేంత నష్టమేమీ కాదు. అయితే సరిగ్గా ఈ మధ్యలో ఉన్నవాళ్లు యజమాని ఎన్‌పీఎస్ వాటా గురించి అడగడం మంచిది. బేసిక్, డీఏలపై 14 శాతం దాకా యజమాని జమచేసే ఎన్‌పీఎస్ వాటాకు కొత్త విధానంలోనూ మినహాయింపు ఉంది. దాంతో చాలామంది 12 లక్షల గీత కిందికి వచ్చేస్తారు.

షేర్ల లాభాల వంటి ప్రత్యేక రేట్ల ఆదాయం మీద పడే పన్నుకు ఈ రిబేటు రాదు. అలాంటి ఆదాయం ఉన్నవాళ్లు ఈ షీటుతో సరిపెట్టుకోకూడదు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. హైదరాబాద్‌లోని ఫ్లాటు అద్దె మీద పన్నుకు ఈ 12 లక్షల వెసులుబాటు అతనికీ ఉంటుందా?

ఉండదు. 87ఏ రిబేటు భారతదేశంలో రెసిడెంటు హోదా ఉన్న వ్యక్తులకే. ఎన్నారైలకు 4 లక్షల దాకా పన్ను లేని శ్లాబు మాత్రం వర్తిస్తుంది. వాళ్ల షీటులో బి3 అక్కర్లేదు, బి2 నుంచి నేరుగా సెస్సుకు వెళ్లాలి. హిందూ అవిభక్త కుటుంబం పేరున రిటర్ను వేసేవారికీ ఇదే వర్తిస్తుంది.

ప్రశ్న: పాత విధానానికి ఇవే ఫార్ములాలు పనిచేస్తాయా?

శ్లాబుల ఫార్ములా పద్ధతి అదే, గీతలు వేరు. 60 ఏళ్ల లోపువారికి రెండున్నర లక్షల దగ్గర 5 శాతం పెరుగుదల, 5 లక్షల దగ్గర 15, 10 లక్షల దగ్గర 10. అరవై దాటినవారికి మొదటి గీత 3 లక్షలు. ఎనభై దాటినవారికి 5 లక్షల దాకా పన్నే లేదు, అక్కడ నేరుగా 20 శాతం మొదలవుతుంది. కొత్త విధానంలో వయసుతో నిమిత్తం లేదు.

రిబేటు ఫార్ములా మాత్రం పనికిరాదు. పాత విధానంలో 5 లక్షల దాకా 12,500 రిబేటు ఉంది కానీ, ఆ గీత దగ్గర మార్జినల్ రిలీఫ్ లేదు. ఆదాయం 5,00,000 అయితే పన్ను సున్నా. 5,00,010 అయితే సెస్సుతో కలిపి 13,000. పది రూపాయలకు పదమూడు వేలు! ఇంక్రిమెంటు వద్దనేవాళ్ల భయం అక్షరాలా నిజమయ్యేది ఇక్కడే. బి3లో =ఇఫ్(బి1<=500000,0,బి2) అని పెట్టుకోవాలి. బాణం గుర్తు పక్కన సమానం గుర్తు మరిచిపోతే సరిగ్గా 5 లక్షల దగ్గరున్న మనిషికి లేని పన్ను చూపిస్తుంది.

ప్రశ్న: రెండు విధానాల్లో ఏది ఎంచుకోవాలి? ఎంచుకునే హక్కు ఎవరిది?

హక్కు మీదే. మీరేమీ చెప్పకపోతే కొత్త విధానం ప్రకారమే టీడీఎస్ కోయాలని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2023 ఏప్రిల్‌లో సర్క్యులర్ ఇచ్చింది. ఏ విధానం కావాలో యజమాని ఉద్యోగిని అడగాలని కూడా అందులోనే ఉంది. అయితే అకౌంట్స్ సెక్షన్‌కో డీడీవోకో మీరు చెప్పింది టీడీఎస్ వరకే. రిటర్ను వేసేటప్పుడు మనసు మార్చుకోవచ్చు. వ్యాపార ఆదాయం లేని జీతగాళ్లు ఏటా ఏదైనా ఎంచుకోవచ్చు, పాత విధానం కావాలంటే మాత్రం గడువులోగా రిటర్ను వేసి తీరాలి. గడువు దాటితే కొత్త విధానమే గతి. వ్యాపారం, ప్రాక్టీసు ఉన్నవారికి ఇంత స్వేచ్ఛ లేదు. వాళ్లు ఫారం 10-ఐఈఏ ఇవ్వాలి, పాత విధానం వదిలి ఒకసారి కొత్తదానికి వచ్చాక మళ్లీ పాతదానికి పోలేరు.

ఏది లాభమో షీటే చెబుతుంది. 15 లక్షల జీతానికి కొత్త విధానంలో సెస్సుకు ముందు 93,750 పన్ను వచ్చింది కదా. పాత విధానంలోనూ అంతే రావాలంటే పన్ను పడే ఆదాయం 9,06,250కి దిగాలి, అంటే 5,93,750 మేర మినహాయింపులు చూపాలి. స్టాండర్డ్ డిడక్షన్ 50,000, వృత్తి పన్ను 2,400, 80సీ కింద లక్షన్నర, ఇంటి అప్పు వడ్డీ 2 లక్షలు పోగా ఇంకా 1,91,350 కావాలి. ఎక్కువ అద్దె కట్టి హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు పొందేవాళ్లకు తప్ప అది అందే లెక్క కాదు. సొంతింట్లో ఉంటూ అప్పు తీరిపోయినవాళ్లు పాత విధానం కోసం పాలసీలు కొనడం శుద్ధ దండగ.

ప్రశ్న: వృత్తి పన్నుకూ ఇదే ఫార్ములానా?

కాదు, అది శాతం కాదు. మన రెండు రాష్ట్రాల్లోనూ నెల జీతం 15,000 దాటి 20,000 దాకా ఉంటే నెలకు 150, ఆ పైన 200 రూపాయలు. దీనికి ఒక మామూలు ‘ఇఫ్’ చాలు. రాజ్యాంగం 276వ అధికరణం ప్రకారం ఏడాదికి 2,500 మించి వేయడానికి వీల్లేదు.

ప్రశ్న: 50 లక్షలు దాటితే సర్‌చార్జి అంటారు. అది కూడా ఆ పై ముక్కకేనా?

కాదు. సర్‌చార్జి మొత్తం పన్ను మీద పడుతుంది, 50 లక్షలు దాటితే 10 శాతం. 50 లక్షల దగ్గర పన్ను 10,80,000. ఒక్క అడుగు దాటితే లక్షకు పైగా అదనం కావాలి, కానీ ఇక్కడా మార్జినల్ రిలీఫ్ ఉంది. బి4లో:

=ఇఫ్(బి1>5000000,మిన్(బి3*110%,1080000+బి1-5000000),బి3)

51 లక్షలకు ఇది 11,80,000 ఇస్తుంది. కోటి దాటితే సర్‌చార్జి 15 శాతం. అక్కడి నుంచి ఈ గడి పనికిరాదు, ఆడిటర్ గారిని కలవడమే మేలు. చివరగా బి5లో సెస్సు కలిపి, చట్టం చెప్పినట్టు దగ్గరి పది రూపాయలకు సర్దాలి: =రౌండ్(బి4*104%,-1). ఆదాయాన్ని కూడా బి1లో పెట్టేముందు ఇలాగే పదికి సర్దాలి.

ప్రశ్న: ఏళ్ల తరబడి ఆగిన డీఏ అరియర్లు ఒకేసారి ఇచ్చారు. పన్నూ ఒకేసారి బాదుతారా?

సెక్షన్ 89 రిలీఫ్ సరిగ్గా మీలాంటి వారి కోసమే ఉంది. ఆ బకాయి ఏ ఏడాదికి చెందిందో ఆ ఏడాది ఆదాయంలో కలిపి అప్పటి రేట్లతో ఎంత పన్ను పడేదో లెక్కవేస్తారు. ఈ ఏడాది పడుతున్న అదనపు పన్ను దానికంటే ఎక్కువైతే ఆ తేడా మేరకు రిలీఫ్ వస్తుంది. ఈ రిలీఫ్ రెండు విధానాల్లోనూ ఉంది. షీటులో ఒక్కో ఏడాదికి ఒక్కో పేజీ, ఆ ఏటి గీతలూ రేట్లూ పెట్టుకుంటే అదే ఫార్ములా పనిచేస్తుంది. కాకపోతే రిటర్ను కంటే ముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఫారం 10ఈ నింపాలి. అది నింపకుండా రిలీఫ్ అడిగితే తిరస్కరిస్తారు. పీఆర్సీ బకాయిలకూ ఇదే దారి.

ప్రశ్న: నా షీటు ప్రకారం ఆఫీసులో ఎక్కువ కోశారు. ఏం చేయగలను?

ముందు అకౌంట్స్‌లో పన్ను లెక్క కాగితం అడిగి, మీ బి1తో వాళ్ల ఆదాయాన్ని పోల్చండి. తేడా చాలాసార్లు రేట్లలో కాక, వదిలేసిన మినహాయింపులో దొరుకుతుంది. అదే ఆర్థిక సంవత్సరంలో ఇంకా నెలలు మిగిలి ఉంటే, ఎక్కువ కోసినదాన్ని తర్వాతి నెలల్లో సర్దే వీలు సెక్షన్ 192 యజమానికి ఇచ్చింది. ఏడాది గడిచిపోతే రిటర్ను వేసి రిఫండు తీసుకోవడమే. రిఫండు మీద నెలకు అర శాతం వడ్డీ కూడా వస్తుంది, అది మొత్తం పన్నులో 10 శాతం లోపైతే మాత్రం వడ్డీ ఉండదు. రిటర్ను పరిశీలించి పంపే 143(1) సమాచారంలో లెక్క తప్పు కనిపిస్తే సెక్షన్ 154 కింద సరిదిద్దమని కోరవచ్చు.

జీతంలో కోసిన పన్నును యజమాని ప్రభుత్వానికి జమచేయకుండా వదిలేసిన సందర్భాలూ ఉంటాయి. కోసిన మేరకు ఆ పన్నును మళ్లీ ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదని సెక్షన్ 205 చెబుతోంది. కోత పడిందని చూపడానికి పే స్లిప్పులు కావాలి, కాబట్టి వాటిని పారేయకండి.

ప్రశ్న: షీటు సరిగ్గా ఉందని నమ్మేదెలా?

బి1లో ఈ అంకెలు ఒక్కొక్కటిగా పెట్టి బి5 చూడండి. ఇవి కొత్త విధానానికి, సెస్సుతో కలిపి. 4,00,000కు సున్నా. 12,00,000కు సున్నా. 12,10,000కు 10,400. 12,75,000కు 74,100. 14,25,000కు 97,500. 24,00,000కు 3,12,000. 50,00,000కు 11,23,200. 51,00,000కు 12,27,200. ఒక్కటి తేడా వచ్చినా ఆ షీటును ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. అన్నీ సరిపోయినా, రిటర్ను వేసేముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఉన్న ఉచిత క్యాలిక్యులేటర్‌తో మీ అంకెను ఒకసారి సరిచూసుకోండి.